మునిగితే తగ్గిపోయే దడ

మొదటిసారి అది వచ్చిన రోజున నాకు భయం కన్నా విసుగే ఎక్కువ కలిగింది. గోదారికి వరద ఎర్రనీరు తగిలి, సముద్రంలోంచి పులస చేప ఎదురెక్కి వచ్చే రోజులు. మా వేటగాళ్ళ ఇళ్ళకి ఏడాదంతటికీ బలం ఆ రోజులే. అన్నయ్య పెద్దిరాజు, నేను నరసాపురం రేవులో పొద్దున్నే పడవ తీసి, వశిష్ఠ పాయలో వల జారవిడిచి, లాగడం మొదలుపెట్టాం. కొంచెం లాగానో లేదో, రొమ్ము లోపల చేప తోకతో కొట్టినట్టు ఒక్క దెబ్బ తగిలింది. ఆ వెంటనే గుండె పరుగందుకుంది. కష్టపడ్డ మనిషి గుండె మెల్లగా వేగం పుంజుకుంటుంది, అది అందరికీ తెలిసిందే. ఇది అలా కాదు, స్విచ్చి వేసినట్టు మొదలైంది. మెడ నరాల్లో, చెవుల్లో, చివరికి పళ్ళ చిగుళ్ళలో కూడా కొట్టుకుంటోంది. పని మధ్యలో ఇదేం గోల అని ఒళ్ళు మండింది.

"ఏంట్రా అది, మెడ కాడ అలా ఎగురుతోంది?" అన్నాడు అన్నయ్య.

"ఏమో! నువ్వు ముందు వల లాగు."

లాగితే రాలేదు. అడుగున ఏదో మునిగిన మొద్దుకి తట్టుకుంది. అలాంటప్పుడు దూకి విడిపించేది ఎప్పుడూ నేనే. దూకాను. నీళ్ళ కింద ఊపిరి బిగబట్టి, వేళ్ళతో వెతుక్కుంటూ వల విడదీస్తుంటే గుండెలో మళ్ళీ ఒక దెబ్బ పడింది. ఒక్క క్షణం అసలేమీ లేదు. ఆ తరవాత మామూలుగా, బుద్ధిమంతుడిలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పైకి తేలి పడవ అంచు పట్టుకుని నవ్వాను.

"పోయింది అన్నయ్యా. మునిగితే పోయింది!"

ఆ మాట అన్నందుకు తరవాత ఎంత అనుభవించామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒకచోట కూర్చుని రాయడం నాకు చేతకాని పని. ఈపాటికే ఎన్నిసార్లు లేచి వీధిలోకి వెళ్ళొచ్చానో.

నా రొమ్ము మధ్య నిలువునా ఒక మచ్చ ఉంది. నేను పుట్టుకతోనే గుండెలో చిల్లు ఉన్నవాణ్ణి. చిన్నప్పుడు కాస్త పరిగెత్తితే ఆయాసం, వానాకాలం వస్తే దగ్గు, జ్వరం. మా పేటకి మందులివ్వడానికి వచ్చే మిషన్ నర్సమ్మగారు ఒకావిడ నా వీపు మీద గొట్టం పెట్టి విని, "వీడి గుండెలో ఏదో శబ్దం ఉందమ్మా, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి" అంది. తనే పూనుకుని అమ్మనీ నన్నూ రైలెక్కించి తమిళదేశంలోని ఒక పెద్ద మిషన్ ఆసుపత్రికి పంపించింది. అక్కడ ఏఎస్‌డీ అన్నారు. గుండె పైగదుల మధ్య గోడకి చిల్లట. రొమ్ము కోసి, గుండె పని కాసేపు మిషను చేత చేయించి, చిల్లు కుట్టేశారు. ఇది అరవైల చివరి మాట. ఇంటికొచ్చాక నన్ను చూడ్డానికి పేటంతా కదిలొచ్చింది. కోసిన గుండెతో తిరిగే పిల్లాణ్ణి అంతకుముందు ఎవరూ చూడలేదు మరి.

డిశ్చార్జి చేసేటప్పుడు అక్కడి డాక్టరుగారు ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నారు. రెండేళ్ళు వెళ్ళాం. తరవాత మానేశాం. కుట్టేసిన చిల్లుని మళ్ళీ మళ్ళీ చూపించడం దేనికి అంది అమ్మ. ఆయాసం పోయింది, ఒళ్ళు వచ్చింది, ఇంకేం కావాలి? మాకది సబబుగానే తోచింది. ఒంట్లో బాగోలేనివాడని నన్ను బడికి పంపారు కాబట్టి పదో తరగతి దాకా చదివాను. ఒక కొట్లో పద్దులు రాసే పని దొరికితే నెల తిరక్కుండా పారిపోయి వచ్చాను. నా కాలు ఒకచోట నిలవదు. పడవెక్కితే మాత్రం ఎంత సేపైనా ఉంటాను, ఎందుకంటే కదిలేది పడవ. అందుకే ఈ జబ్బు మొదలైన దగ్గర్నుంచీ నా మనసులో ఒకటే ప్రశ్న తిరిగింది. ఇది నన్ను పడవ మీద ఉండనిస్తుందా, దింపేస్తుందా?

మొదట్లో అంత అనుమానం కూడా రాలేదు లెండి. నెలకో, రెండు నెలలకో ఒకసారి వచ్చేది. వల లాగేటప్పుడు వచ్చేది, తెడ్డు వేసేటప్పుడు వచ్చేది. వచ్చిన వెంటనే దూకేవాణ్ణి, కిందకి పోయి ఊపిరి బిగబట్టేవాణ్ణి, ఆగిపోయేది. అన్నయ్య కూడా అలవాటు పడిపోయాడు. నా మెడ చూసి, "వచ్చేసిందా? అయితే దూకరా, దూకు!" అనేవాడు. పక్క పడవల వాళ్ళు, "నాగేసుకి మళ్ళీ గోదారమ్మ కబురంపింది" అని నవ్వేవారు. చేతిలో మందు ఉన్నవాడికి రోగమంటే లెక్కేముంది? పైగా గోదారి కన్నా పెద్ద డాక్టరు ఎవరని గొప్పలు పోయేవాణ్ణి.

నా భార్య ధనలక్ష్మి మా మేనమామ కూతురే. బజార్లో చేపలమ్ముతుంది, ఆవిడతో బేరం ఆడి గెలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఒకరోజు ఇంట్లో అన్నం తింటుండగా వచ్చింది దడ. చెయ్యి కడక్కుండా, తొడుక్కున్న చొక్కాతోనే రేవు వైపు పరిగెత్తాను. నా వెనకాల ధనం. మునిగి, తగ్గాక మెట్ల మీద కూర్చుంటే ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏంటి మావా ఇది? రోగమొస్తే జనం ఆసుపత్రికి పరిగెడతారు, నువ్వు గోదాట్లోకి పరిగెడతావేంటి?"

"తగ్గిపోయిందే."

"తగ్గిందో, దాక్కుందో! పద ఆసుపత్రికి."

జుట్టులోంచి నీళ్ళు కారుతుండగానే లాక్కుపోయింది. మా ఊళ్ళో ఒక డాక్టరుగారు నన్ను బల్ల మీద పడుకోబెట్టి ఈసీజీ తీశారు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "గుండె చక్కగా ఉందయ్యా. ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది కదా, ఇంకా దాని గురించే ఆలోచిస్తున్నావు. ఇది నెర్వస్‌నెస్" అన్నారు. పడుకోబోయే ముందు వేసుకోమని ఒక మాత్ర రాశారు. అది వేసుకుంటే తెల్లారేసరికి ఒళ్ళు తూలిపోయేది, వేటకి లేవలేకపోయేవాణ్ణి. నాలుగు రోజులు చూసి ఆ మాత్రలు పారేశాను.

ఆ తరవాత ఎన్ని ఈసీజీలు తీయించానో గుర్తు లేదు. అన్నీ నార్మల్. బళ్ళో నేనెప్పుడూ అన్నిసార్లు పాసవలేదు. నార్మల్ అన్నప్పుడల్లా నా మీద నాకే కోపం వచ్చేది. నిజంగా భయమేనా ఇది? నాకా భయం? పోటు మీద సముద్రపు మొగలోకి పడవ తోలుకుపోయేవాణ్ణి నేను! పేటలో మాత్రం మాట పాకిపోయింది. నాగేసుది పిరికి గుండె, చిన్నప్పుడు కోశారు కదా, ఆ బెదురు పోలేదని. ముఖం మీదే అన్నవాళ్ళూ ఉన్నారు. ఒకడితో కొట్లాటకి కూడా దిగాను. అమ్మ తాయెత్తు కట్టించింది. తాయెత్తు పాటికి తాయెత్తు, దడ పాటికి దడ. అనుమానం పెనుభూతం అంటారు చూడండి, ఆ రోజుల్లో ప్రతి చిన్న దెబ్బకీ మెడ తడుముకునేవాణ్ణి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికో పోవాలనిపించేది.

రెండో ఏడు వరదల్లో ఒకసారి దూకిన తరవాత ఏం జరిగిందో నాకు తెలీదు. నీళ్ళ కింద కళ్ళు చీకట్లు కమ్మడం వరకే గుర్తు. స్పృహ వచ్చేసరికి పడవలో బోర్లా పడున్నాను, అన్నయ్య నా వీపు మీద గుద్దుతున్నాడు. జుట్టు దొరికింది కాబట్టి లాగాడట. ఆ సంగతి ఇంట్లో చెప్పొద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. వాడు సరేనని, పడవ దిగీ దిగగానే తిన్నగా ధనం దగ్గరికి పోయి చెప్పేశాడు. మర్నాడు ముగ్గురం రాజమండ్రి బస్సెక్కాం.

రాజమండ్రిలో గుండె జబ్బుల డాక్టరుగారు ఒకాయన కొత్తగా ప్రాక్టీసు పెట్టారని ఎవరో చెప్పారు. కుర్రాయనే, కానీ ఓపికున్న మనిషి. రొమ్ము మీద మచ్చ చూశారు, గొట్టంతో చాలాసేపు విన్నారు, ఈసీజీ తీశారు. మళ్ళీ నార్మల్‌కి దగ్గరే. ఇంకేముంది, ఈయనా అదే మాత్ర రాస్తాడనుకుని చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

"ఆగవయ్యా. ఎలా మొదలవుతుందో చెప్పు."

"స్విచ్చి వేసినట్టండి."

"ఆగేటప్పుడు?"

"అదీ స్విచ్చి తీసేసినట్టేనండి."

"దానంతటదే ఆగుతుందా?"

"ఆయ్, లేదండి. మునుగుతానండి."

"ఏంటీ?"

"గోదాట్లో మునుగుతానండి. ఊపిరి బిగబట్టి కిందకి పోతే ఆగిపోద్దండి."

డాక్టరుగారు కలం కింద పెట్టేశారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. ధనం వైపు తిరిగి, "ప్రతిసారీ ఇలాగే చేస్తాడామ్మా?" అనడిగారు.

"ప్రతిసారీనండి. మునిగి తగ్గాకే ఆసుపత్రికి తీసుకెళ్తామండి. అంత దడతో ఎలా తీసుకెళ్తామండి, దారిలో ఏమన్నా అయితే?"

"బాగుందమ్మా! దొంగని సాగనంపి, తలుపేసి, అప్పుడు పోలీసుల్ని పిలుస్తున్నారు. ఈసీజీలో ఏం దొరుకుతుంది?"

అప్పుడాయన నిదానంగా చెప్పారు. చన్నీళ్ళలో ముఖం మునిగి, ఊపిరి బిగబడితే ఒక నరం గుండెకి బ్రేకు వేస్తుందట. అవసరమైతే ఆసుపత్రిలో డాక్టర్లు కూడా చేసే పనేనట అది. "ఇది భయం కాదు. ఎస్‌వీటీ అనే, గుండె పైగదుల్లో పుట్టే దడ అయి ఉంటుందని నా అనుమానం. పట్టుకుంటేగానీ ఏ రకమో చెప్పలేను. ఒక రకానికి ఇచ్చే మందు ఇంకో రకానికి ముప్పు" అన్నారు. ఇది భయం కాదన్న ఆ ఒక్క మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చూడకుండా కిటికీ వైపు తిరిగాను.

"మరి చిల్లు కుట్టేశారు కదండీ?" అనడిగాడు అన్నయ్య.

"కుట్టారు, బాగా కుట్టారు. కానీ కొత్త గుండె ఇవ్వలేదు కదయ్యా. కుట్టిన చోట మచ్చ ఉంటుంది, ఏళ్ళ తరబడి సాగిన గది ఉంటుంది. కరెంటు దారి తప్పుతుంది. పుట్టుకతో లోపం ఉన్నవాళ్ళకి ఆపరేషన్ అయినా, పెద్దయ్యాక ఇలా లయ తప్పడం ఉంటుంది. అందుకే ఏడాదికోసారి రమ్మంటారు."

అన్నయ్య తలూపాడు. "అతికిన వల అతుకు పక్కనే తెగుద్దండి," అన్నాడు. కుట్టిన చిల్లుని మళ్ళీ చూపించడం దేనికని అమ్మ అన్న రోజున ఆ ముక్క ఎవరికీ తట్టలేదు, వలలు అల్లుకునే బతికే వాళ్ళం!

డాక్టరుగారు రెండు షరతులు పెట్టారు. ఈసారి దడ వస్తే మునగకూడదు. అది నడుస్తుండగానే, ఉన్నవాణ్ణి ఉన్నట్టు మా ఊరి ఆసుపత్రికి పరిగెత్తాలి. వెళ్ళీ వెళ్ళగానే ఈసీజీ తీయమని అక్కడి డాక్టరుగారికి చీటీ రాసిచ్చారు. రెండోది, అది పట్టుబడేదాకా పడవెక్కకూడదు. "గుండె అలా పరిగెత్తేటప్పుడు స్పృహ తప్పొచ్చు. మంచం మీద తప్పితే మేం చూసుకుంటాం. గోదాట్లో తప్పితే ఎవరు చూస్తారు?"

ఇంటికొచ్చి కూర్చున్నాను. కూర్చున్నానంటే మాట వరసకి. ఇంట్లోంచి రేవుకి, రేవులోంచి ఇంటికి తిరగడమే పని. రోగం కోసం ఎదురుచూడ్డం ఎంత చిత్రమైన శిక్షో అనుభవించినవాడికే తెలుస్తుంది. ఇన్నాళ్ళూ పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చేది, ఇప్పుడు దండం పెట్టి పిలుస్తుంటే రాదు! రేవు మెట్లు ఎక్కి దిగాను. ఊళ్ళోవాళ్ళ పడవలన్నీ ఒడ్డుకి లాగాను. కట్టెలు కొట్టాను. ఏమీ లేదు. దడ లేని దడ ఒకటి ఇరవై నాలుగ్గంటలూ ఒంట్లో తిరిగేది. ధనం చూసి చూసి, "కావాలన్న రోజున రాదు, వద్దన్న రోజున వచ్చి కూర్చుంటది. మా మేనత్త లాగే" అంది. ఆవిడ మేనత్తంటే మా అమ్మే. అమ్మ పక్కనే కూర్చుని వింటోంది, పాపం.

ఇంతలో ఆ ఏడే రెండో విడత ఎర్రనీరు వచ్చింది. అన్నయ్య నా బదులు ఇంకొకణ్ణి పెట్టుకుని వేటకి వెళ్ళడం మొదలుపెట్టాడు. నా చోటులో వేరేవాడు నిలబడి వల లాగుతుంటే ఒడ్డున నిలబడి చూడ్డం! చెప్పుకుంటే సిగ్గుచేటు, ఏడ్చాను. ఆ రోజు ఇంటికొచ్చి, రేపు నేను పడవెక్కుతానని చెప్పేశాను. అది వచ్చేది వల లాగేటప్పుడే. ఒడ్డున కూర్చుంటే జన్మలో దొరకదు. అమ్మ వద్దంది. ధనం లోపలికెళ్ళి తాడు తెచ్చింది.

"ఎక్కు. నడుముకి ఈ తాడు కట్టుకుని ఎక్కు. రెండో కొస పడవకి కట్టేస్తాం. దూకాలన్నా దూకలేవు. బావా, వాడు చచ్చిపోతానన్నా ముడి విప్పకు."

కోపం వస్తే ఆవిడ నన్ను వాడు అంటుంది. మర్నాడు పొద్దున్న రేవులో అందరూ చూస్తుండగా ఆవిడే ముడి వేసింది. మేకపోతుని కట్టినట్టు కట్టించుకుని వేటకి వెళ్ళాను. జనం నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఒక ముసురు పట్టిన రోజున, వల మొత్తం నీళ్ళలో ఉండగా, ఒక చేప బరువు చేతికి తెలిసీ తెలియగానే వచ్చింది ఆ తోక దెబ్బ. నేను నోరెత్తక ముందే అన్నయ్య నా మెడ చూశాడు.

"వచ్చిందిరా!"

వచ్చింది సరే, ఓర్చుకోవడం ఎలాగో మాకు తెలియదు. అంతకుముందెప్పుడూ దాన్ని అంతసేపు ఉండనివ్వలేదు కదా. ఊపిరి అందడం లేదు, చేతులు చల్లబడిపోతున్నాయి, కళ్ళ ముందు నల్ల చుక్కలు. చెయ్యి చాస్తే అందే దూరంలో గోదారి. ఒక్క మునక వేస్తే చాలు, ప్రాణం కుదుటపడుతుంది. నా చెయ్యి నాకు తెలియకుండానే పడవ అంచు మీదికి పోయింది. తాడు పట్టి ఆపింది.

"విప్పు అన్నయ్యా. ఒక్కసారి. ఒక్కసారి మునిగి వచ్చేస్తాను."

"విప్పను."

"చచ్చిపోతున్నాను, విప్పరా!" ఆ పూట పెద్దంతరం చిన్నంతరం లేకుండా బూతులు తిట్టాను వాణ్ణి. వాడు ఏడుస్తూనే వల వైపు చూశాడు. అది మొత్తం పైకి లాగాలంటే బోలెడంత సేపు పడుతుంది. వేసంగంతా ఇద్దరం కూర్చుని అల్లుకున్న కొత్త వల, పైగా దాన్నిండా పులస. వాడు నడుంలోంచి కత్తి తీసి, వల తాడు కోసేశాడు. వరద దాన్ని మొగ వైపుకి లాక్కుపోయింది. వాడు మళ్ళీ అటు చూడకుండా తెడ్డు అందుకున్నాడు. నా బదులు పెట్టుకున్న మూడోవాడు గెడ వేశాడు.

రేవులో రిక్షా ఎక్కించారు. ధనం బజార్లో చేపల గంప ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తుకొచ్చింది. దారి పొడుగునా నా చెంపల మీద కొడుతూ, "పడుకోకు మావా, కళ్ళు తెరు, తిట్టు, నన్ను తిట్టు" అంటోంది. తిట్టే ఓపిక నాకు లేదు. ఆసుపత్రిలో ఇదివరకు నన్ను నెర్వస్ అన్న డాక్టరుగారే ఉన్నారు. చీటీ చూడను కూడా లేదు, నా మెడ చూసి, పట్టీలు చేతులకీ కాళ్ళకీ తనే తగిలించారు. మిషను కాగితం కక్కింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, "దొరికింది!" అన్నారు. "ఎస్‌వీటీయే. నాగేశ్వరరావూ, నీది భయం కాదయ్యా. నేనే పొరపాటు పడ్డాను." పెద్దమనిషి. అలా అనేవాళ్ళు తక్కువ.

ఆ తరవాత ఐసు నీళ్ళు పోసిన బేసిను తెప్పించి, ఊపిరి బిగబట్టి అందులో ముఖం పెట్టమన్నారు. ఇంతా చేసి, చివరికి మునగమనేనా! పెట్టాను. మిషను నడుస్తూనే ఉంది. గుండెలో ఆ దెబ్బ పడింది, ఆగింది. ముఖం ఎత్తేసరికి ధనం గోడకి జారబడి నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏదో తెలియడం లేదు. అన్నయ్య మాత్రం బయట అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. వల గురించి వాడు ఆ రోజు గానీ, ఆ తరవాత గానీ నాతో ఒక్క మాట అనలేదు.

రాజమండ్రి డాక్టరుగారు ఆ ఈసీజీ చూసి మాత్రలు మొదలుపెట్టారు. పడవెక్కినందుకు చెడామడా తిట్టారు కూడా. మాత్రలతో ఒక ఏడాది బాగానే గడిచింది. పూర్తిగా పోయిందనే అనుకున్నాను. ఆ ఏడాదంతా మళ్ళీ అన్నయ్యతో వేటకి వెళ్ళాను, ఎవరినీ అడగలేదు. అంతలో ఒక రోజు ఇంట్లోనే మొదలైంది. ఇది పాతదానిలా లేదు. కాస్త నెమ్మది, కానీ వదలదు. బేసినులో ముఖం పెట్టినా వదల్లేదు. ఆసుపత్రిలో ఈసీజీ చూపిస్తూ డాక్టరుగారు, "చూడు, గీత రంపం పళ్ళలా ఉంది. దీన్ని ఫ్లట్టర్ అంటారు. ఇది వేరే రకం" అన్నారు. రాజమండ్రి పంపారు, అక్కడి నుంచి విశాఖపట్నం పెద్దాసుపత్రికి.

అక్కడ డీసీ షాక్ ఇచ్చారు. నిద్ర మందు ఇచ్చి రొమ్ము మీద కరెంటు పెడతారని చెప్పగానే అమ్మ ఘొల్లుమంది. నాకు తెలిసిందల్లా, కళ్ళు మూసుకోవడం, కళ్ళు తెరవడం. తెరిచేసరికి లోపల నిశ్శబ్దం. అంత నిశ్శబ్దం నాకు అలవాటు లేక చెయ్యి పెట్టి చూసుకున్నాను. కొట్టుకుంటోంది, మెల్లగా. రక్తం గడ్డకట్టకుండా ఇంకో మాత్ర కలిపారు. ఆ మాత్ర వేసుకునే మనిషికి చేప ముల్లు గుచ్చుకున్నా, గాలం గీరుకున్నా రక్తం ఒక పట్టాన ఆగదు. మా వృత్తికి సరిగ్గా పనికిరాని మందు అది.

తిరిగొచ్చాక రాజమండ్రిలో డాక్టరుగారిని అడగాల్సింది అడిగేశాను. "నేను పడవెక్కొచ్చా?"

ఆయన నా కాగితాలు మళ్ళీ ఒకసారి తిరగేశారు. "మునగడానికి లేదు. ఒంటరిగా వెళ్ళడానికి లేదు. తోడుంటే, ఒడ్డు కనబడేంత దూరంలో... వద్దని నేను గట్టిగా అనలేను, వెళ్ళమనీ అనలేను. మీ అన్నని అడుగు" అన్నారు.

వద్దనలేదు! నాకంతే వినబడింది. బస్సు దిగి తిన్నగా రేవుకి పరిగెత్తాను. అన్నయ్య పడవలో నీళ్ళు తోడుతున్నాడు. "డాక్టరుగారు తోడుంటే ఎక్కొచ్చన్నారు. రేపట్నుంచి వచ్చేస్తాను" అన్నాను. వాడు తోడుతున్న డబ్బా ఆపాడు గానీ తలెత్తలేదు.

"రారా. నేను వద్దన్నానా? నువ్వు ఎక్కితే మాత్రం నేను వల వైపు చూడలేను. నీ మెడ వైపే చూస్తాను. ఆ మాత్రలు మొదలెట్టి నువ్వు మళ్ళీ ఎక్కిన కాడ్నుంచీ అదే చేస్తున్నాను. మన పడవకి చేపలు పడటం లేదని పేటంతా గోదార్ని తిడతన్నారు. గోదారి తప్పేం లేదురా నాగేసూ."

నాకు ముందు కోపం వచ్చింది. ఆ తరవాత ఏమీ రాలేదు. వాడి ఇంట్లోనూ పిల్లలున్నారు. ఏడాది పాటు వాడు నా మెడ కాపలా కాశాడు, నేను చేపలు పట్టాననుకున్నాను. మెట్లెక్కి ఇంటికొచ్చేశాను. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పడవ ఎక్కలేదు. ఆ తరవాత ఎప్పుడూ ఎక్కలేదు. ఎవరూ దింపలేదు నన్ను, నేనే దిగాను.

ఇప్పుడు నేను స్టేషను దగ్గర పని చేస్తున్నాను. రేవులో పడ్డ చేపలు కొని, పెట్టెల్లో ఐసు పరిచి, సర్ది, రైలెక్కిస్తాం. బేరాలు ధనం చూసుకుంటుంది, పెట్టెలు నేను చూసుకుంటాను. ఇది కూడా నిలబడి చేసే పనే కాబట్టి బతికిపోయాను. మాత్రలు రోజూ వేసుకుంటాను, ఏడాదికోసారి చూపించుకుంటాను, రక్తం పరీక్ష తప్పను. ఎర్రనీరు తగిలిందని తెలిస్తే మాత్రం ఇప్పటికీ కాళ్ళు ఊరుకోవు, పెట్టెలు వదిలేసి రేవుకి పోయి నిలబడతాను. బాధగానే ఉంటుంది. లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి?

పోయిన వానాకాలం మళ్ళీ ఒకసారి దడ వచ్చింది. చేతులకి పొలుసులు అంటుకుని ఉండగానే రిక్షా ఎక్కి ఆసుపత్రికి పోయాను. మిషనుకి దొరికింది, మందు మోతాదు మార్చారు, పొద్దుగూకేసరికి ఇంటికొచ్చేశాను. చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయినవాళ్ళకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ నేను చెప్పేది ఇదొక్కటే. దడ వస్తే ఇంట్లో చిట్కాలతో తగ్గించి, తీరిగ్గా బయల్దేరకండి. దడని దడలాగే తీసుకెళ్ళి డాక్టరుకి చూపించండి. ఊపిరాడకపోయినా, కళ్ళు చీకట్లు కమ్మినా, ఒక్క నిమిషం కూడా ఆగకుండా తోడు మనిషిని పట్టుకుని వెళ్ళండి.

మా పడవ ఈ ఏడు మళ్ళీ రేవులో అందరికన్నా ముందు నిండి వస్తోంది. అన్నయ్య వల వైపు చూస్తున్నాడు.